మెత్తటి వంట

బంగాళాదుంపకు ఫోర్కు గుచ్చి చూశాడు. దిగింది. అయినా తృప్తి కలగలేదు. దిగడం వేరు, దానంతట అది విడిపోవడం వేరు. నాలుకకూ అంగిలికీ మధ్య పెట్టి నొక్కితే చాలు కరిగిపోవాలి, పంటితో పని పడకూడదు. మళ్ళీ మూతపెట్టి మంట తగ్గించాడు. పక్క పొయ్యి మీద బూడిదగుమ్మడికాయ సూపు బుడగలు వేస్తోంది. అన్నం గరిటెకు అంటుకునేంత మెత్తగా ఉడికి దిగింది. చేపముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, పళ్ళెంలో పరిచి, వేళ్ళతో తడిమి తడిమి ముల్లన్నది లేకుండా ఏరాడు. రోజూ గ్రీజు పట్టిన లిఫ్టు తీగలను తడిమే వేళ్ళవి, ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా చీకట్లో పట్టేస్తాయి, చేపముల్లు వాటికొక లెక్కా. బ్రెడ్డు అంచులు కోసేశాడు. కోసిన అంచులు నిలబడే తనే తినేశాడు, పొద్దుట్నుంచి కడుపులో పడ్డది అదొక్కటే. ఆదివారం. వాన పడేలా ఉంది, పడటం లేదు. కూతురు మధ్యాహ్నం భోజనానికి వస్తుంది. పళ్ళకు క్లిప్పులున్న పిల్ల, గట్టివి తినకూడదు, ఎండలు మొదలవకముందు చూశాడు, మళ్ళీ ఇవాళే చూడటం.

క్లిప్పులు వేయించింది తనే. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తుండదు. పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి ఉన్న భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే కంపెనీ తననే పంపింది, లోపల ఇరుక్కున్నది ఆ డాక్టరమ్మే. తలుపు సందు దగ్గర మోకాళ్ళ మీద కూచుని, "గాలి వస్తుందమ్మా, ఏం కాదు, నేనిక్కడే ఉన్నా, మాట్లాడుతూ ఉండండి" అన్నాడు, ఇరుక్కున్న ప్రతివాళ్ళతోనూ అనే మాటే. ఆవిడ వణుకుతున్న గొంతుతో, మీకు పిల్లలున్నారా అని అడిగింది. ఒక్కతే ఆడపిల్లండీ, పన్ను మీద పన్నుంది అన్నాడు. తీసుకురండి చూస్తాను, ముందు నన్ను బయటికి తియ్యండి, అంది లోపల్నుంచి. ఇద్దరూ నవ్వారు, చెరో పక్కన. ఇరుక్కుపోయిన పరాయివాళ్ళతో అంత చక్కగా మాట్లాడగలడు తను. ఇంట్లో మనిషి ఇరుక్కుపోయి తలుపు బాదుతుంటే మాత్రం నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాడు. ఆ మాట భార్య అంది, అప్పటికింకా భార్యే, వేరింటికి మారడానికి సామాన్లు సర్దుకుంటూ అంది. అందుకే క్లిప్పులు వేయించడానికి ఆవిడ రాలేదు. సెలవు పెట్టి తనే తీసుకెళ్ళాడు పిల్లని.

ఆస్పత్రిలో పనిచేసే అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ పళ్ళసెట్టు పట్టుకుని, ఏం తినాలో ఏం తినకూడదో పాఠంలా చెప్పింది. కొరికి లాగేవి వద్దు, అంటుకునేవి వద్దు, ఐసుముక్కలు నమలడం అసలే వద్దు, ఆపిల్ అయితే పల్చటి చెక్కలు కోసుకుని పక్కపళ్ళతో, గింజలు వద్దు, చాక్లెట్ అయితే నోట్లో పెట్టుకుని దానంతటది కరిగేదాకా ఊరుకోవాలి, పసుపులాంటివి తగిలితే రబ్బర్లు పచ్చబడతాయి. పిల్ల ఉరిశిక్ష వింటున్నట్టు విని, "ఇంక తినడానికేం మిగిలింది?" అంది. "తిట్లు తినొచ్చమ్మా, అవి క్లిప్పులకి అడ్డం పడవు" అన్నాడు తను. పిల్ల నవ్వింది, ఆ అమ్మాయి నవ్వింది, లోపల్నుంచి డాక్టరమ్మ కూడా నవ్వింది. అంత మంచి మాట ఆ తర్వాత మళ్ళీ తన నోటినుంచి రాలేదు. మనిషికి మంచిమాటలు కూడా ఒక లెక్కన ఇచ్చి పంపుతారేమో, తన వాటా అక్కడితో అయిపోయినట్టుంది.

ఆ రోజే డాక్టరమ్మ పిల్ల పెదవి పైకెత్తి చూసి, ఎడమవైపు కోరపన్ను ముందుపన్ను మీదికి ఎక్కి కూచుంది, ఇదెవరి పోలిక, అని అడిగింది. తను నోరు తెరిచి చూపించాడు. ఆవిడ రెండు నోళ్ళనూ మార్చి మార్చి చూసి, అచ్చు గుద్దినట్టుంది, అంది. తనకు తన అమ్మ దగ్గర్నుంచి వచ్చింది ఆ పన్ను. అమ్మ నవ్వితే ముందు అదే కనిపించేది. పనిలో ఆ పన్ను ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో, రెండు చేతులూ తీగల మీదుంటే స్క్రూను ఆ పళ్ళ సందులో బిగించి పట్టుకునేవాడు, మూడో చెయ్యిలా. పెళ్ళైన కొత్తలో భార్య ఆ పన్ను మీద వేలు పెట్టి, దీన్ని చూసే నేను పడిపోయింది, అనేది. చివరి రోజుల్లో, నువ్వా పన్ను బయటపెట్టి నవ్వుతుంటే ఒళ్ళు మండిపోతుంది, అంది. పన్ను అదే. పిల్లకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నప్పుడు అది సరిగ్గా అదే చోట, అదే వంకరతో పైకి రావడం చూసి తను ఇల్లంతా తిప్పి చూపించాడు అందరికీ, ఏదో సాధించినట్టు. దాన్ని వరసలోకి తీసుకొస్తాం, అంది డాక్టరమ్మ. తీసుకురండి, అన్నాడు. తన పోలికని చెరిపెయ్యమని తనే దగ్గరుండి అప్పజెప్పాడు. పిల్లను బడిలో ఏడిపించడాలు తగ్గుతాయి, నవ్వాల్సి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. తండ్రన్నవాడు ఇంకేం చేస్తాడు? సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే అక్కడ పెట్టాడు.

తలుపు కొట్టిన చప్పుడుకు పరుగున వెళ్ళి తీశాడు. పిల్ల కాదు. ఎదురింటి మామ్మగారు. కట్టుడుపళ్ళ మనిషి, మాట్లాడితే పళ్ళు ముందొస్తాయి, మాట తర్వాతొస్తుంది. ఉప్పు కోసం వచ్చింది, ఉప్పు తీసుకోకుండా మూతలన్నీ ఎత్తి చూసింది.

"ఏమిటయ్యా ఇది, అన్నీ తెల్లగా? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"మా అమ్మాయి వస్తోంది మామ్మగారూ. క్లిప్పులు కదా. రంగు పట్టేవేవీ వెయ్యలేదు."

ఆవిడ చెంచాతో బంగాళాదుంప కొసరు తీసి నోట్లో వేసుకుని, "పళ్ళు తీసి పక్కన పెట్టి కూడా తినొచ్చు" అంది. మెచ్చుకోవడమో వెక్కిరించడమో తెలియలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "వంట మెత్తగా ఉంటే ఉందిగాని నాయనా, మనిషి మరీ మెత్తబడకూడదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు. వాళ్ళు పిల్లను తోచినప్పుడు పంపితే, నువ్వు ఇలా గరిటె పట్టుకుని కూచుంటావు. అడగాలి" అంది. నవ్వి తలుపు వేశాడు. వేశాక నవ్వు పోయింది, మాట పోలేదు. పంటికింద రాయిలా అక్కడే ఉంది.

అడగాలి. ఎవర్ని? వారం వారం పంపాలని కోర్టు కాగితం మీద ఉంది. మొదట్లో వారం వారమే వచ్చేది, చంకలో పుస్తకాలు పెట్టుకుని, పళ్ళు సలుపుతున్నాయని మొహం ముడుచుకుని. తీగ బిగించిన రోజుల్లో చెంచాతో సూపు తాగుతూ కంట నీళ్ళు పెట్టుకునేది, తను ఎదురుగా కూచుని చల్లారబెట్టి ఇచ్చేవాడు. లిఫ్టు తీగ అయితే బిగించినప్పుడు మోగుతుంది, చప్పుడు మారుతుంది, ఎంత లాగిందో చెవితో చెప్పొచ్చు. పిల్ల నోట్లో తీగ ఎంత లాగుతోందో చెప్పేది ఆ కళ్ళు ఒక్కటే. అప్పుడు నేర్చుకున్నాడు ఈ వంటంతా. గుడ్డు ఎంతసేపుంచితే వణుకుతుందో, ఎంతసేపుంచితే రబ్బరవుతుందో. అరటిపండు ఏ రోజు తినాలో. తర్వాత పిల్ల తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కారాయన వచ్చాడు. పేరుంది ఆయనకి, తను పలకడు, కారాయన అనే అనుకుంటాడు, ఎందుకంటే తను చూసిందంతా కారే: తెల్లది, చప్పుడు చెయ్యనిది, గేటు ముందు ఆగి హారన్ ఒక్కసారి, అదీ మర్యాదగా. వాళ్ళు ఊరికి ఆ చివరకు మారారు. ఇక అక్కడ్నుంచి సందేశాలు మొదలయ్యాయి. ఈ వారం కుదరదు, జలుబు. ఈ వారం కుదరదు, పరీక్షలు. ఈ వారం అందరం ఆయన చెల్లెలి ఇంటికి వెళ్తున్నాం. తను ఎప్పుడూ ఒక్కటే జవాబు రాశాడు: సరే. ఆ సరేలన్నీ వరసగా పేర్చితే ఏ కోర్టైనా, చూడండి ఈ తండ్రికి పిల్ల అక్కర్లేదు, అంటుంది.

పిల్ల ఫోన్ చేస్తుంది, అదీ నిజం. కాని వీడియోలో కనబడదు, జుట్టు బాగోలేదంటుంది, మొహమ్మీద మొటిమలంటుంది. ఫోన్లో ఆమె బొమ్మ ఉండాల్సిన చోట పిల్లి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకున్న పిల్లి. ఆ పిల్లితో మాట్లాడుతుంటాడు తను. తిన్నావా, అంటాడు. తిన్నా, అంటుంది పిల్లి. ఏం తిన్నావు, అంటే, ఏదో తిన్నాలే నాన్నా. గట్టివి తినకు. సరే నాన్నా. ఆ సరే ఎక్కడ నేర్చిందో వేరే చెప్పక్కర్లేదు.

మంట కట్టేశాడు. బంగాళాదుంపలు ఇప్పుడు నిజంగా లొంగిపోయాయి. తోలు ఒలుస్తుంటే వేళ్ళు కాలాయి, కాలనిచ్చాడు. నిన్న బజారులో చెయ్యి అలవాటుకొద్దీ బాదం సంచి మీదికి వెళ్ళింది, పిల్లకు చిన్నప్పట్నుంచీ బాదం పిచ్చి, బుడంకాయ్ అని పిలిస్తే ఉరికొచ్చి జేబులు తడిమేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కనే ఎవరో దంపతులు పాప్‌కార్న్ పొట్లాలు బండినిండా వేసుకుంటున్నారు. చూసి మనసులో అనుకున్నాడు: కారాయన ఇలాంటివాడే అయ్యుంటాడు, సినిమాకు తీసుకెళ్ళి పెద్ద డబ్బా చేతికిస్తాడు, పొట్టు తీగలో ఇరుక్కుంటుందని తెలుసా ఆయనకు? చేపలో ముల్లు ఏరిపెట్టాలని తెలుసా? పెద్ద పెద్ద హోటళ్ళు తెలిసుంటాయి. తీగ బిగించిన రోజు రాత్రి పిల్ల ఏం తినగలదో తెలిసుండదు. ఆ ఆలోచన తియ్యగా ఉంది. సిగ్గుపడాల్సినంత తియ్యగా. ఆయన కంటే తనకు ఎక్కువ తెలిసింది ఈ లోకంలో ఇదొక్కటే, దాన్ని నిన్నంతా బజారులో, ఇవాళంతా పొయ్యి దగ్గర చప్పరిస్తూనే ఉన్నాడు. దంపతులు పాప్‌కార్న్‌తో పాటు ఇంకేవో నవ్వులు కూడా బండిలో వేసుకుని వెళ్ళిపోయారు.

తనేమీ ఉత్తముడు కాదు. ఆ సంగతి తనకు తెలుసు, తెలిసి కూడా విడిపోయిన భార్యనే తప్పుబడుతుంటాడు, అందులో ఒక సుఖముంది. ఆవిడ పుట్టినరోజున ఆస్పత్రి లిఫ్టు ఆగిందని వెళ్ళాడు, రోగిని పైకి తీసుకెళ్ళాలి మరి. పిల్ల బడిలో పాట పాడిన రోజున ఆఫీసు లిఫ్టు. పెళ్ళిరోజున కూడా ఏదో లిఫ్టే. "ఊళ్ళో అందర్నీ భద్రంగా వాళ్ళ వాళ్ళ అంతస్తుల్లో దింపుతావు, నీ ఇంటి గుమ్మం మాత్రం నీకు దొరకదు" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. జవాబు చెప్పకుండా అన్నం తినేవాడు. అరవకపోవడమే మంచితనమనుకున్నాడు చాలాకాలం. ఆవిడ మాటల్ని నమలలేక మింగలేక కూచుంటే, దాన్ని ఓర్పు అనుకున్నాడు. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం. ఆ రాయి పేరు డ్యూటీ అని పెట్టుకున్నాడు, అంతే. అయినా సరే, ఆవిడ ఒక్కమాట ముందుగా అనాల్సింది, నేను వెళ్ళిపోతానని. అంది. చాలాసార్లే అంది. తను వినలేదు, ఫోన్ మోగుతూ ఉండేది.

బల్ల సర్దాడు. సూపు గిన్నె, బంగాళాదుంప ముద్ద, చేప, వణికే గుడ్డు, అంచుల్లేని బ్రెడ్డు, పాలలో ఉడికించిన అన్నం, చివర్లో పండిన అరటిపండు. తెల్లటి బల్లగుడ్డ మీద తెల్లటి తిండి. మామ్మగారన్నది నిజమే, ఆస్పత్రే. రంగు కోసం ఏదైనా ఆకు చల్లుదామా అనుకున్నాడు, ఆకు తీగలో చిక్కుకుంటుంది, ఊరుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. తనుండే ఇంటికి లిఫ్టు లేదు, మూడంతస్తులు ఎక్కాలి, ఊళ్ళో సగం లిఫ్టులు చూసేవాడు మెట్లెక్కి దిగుతాడని తోటివాళ్ళు నవ్వుతారు. వీధిలో సైకిళ్ళు, ఒక కుక్క, గొడుగు తెరవాలా వద్దా అని ఆకాశం కేసి చూస్తున్న మనిషి. పిల్ల రాదేమో. ఫోన్ మోగితే, కుదరదు, అని ఉంటుంది, తను సరే అని రాస్తాడు, ఈ తెల్లటి తిండంతా సాయంత్రం దాకా కూచుని తనే తింటాడు. ఈసారి రాయడు. ఈసారి అడుగుతాడు. ఏమని? మాట అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది, రెండంతస్తుల మధ్య.

హారన్. ఒక్కసారి, మర్యాదగా.

మెట్ల మీద అడుగులు. ఉరుకుతున్నాయి, ఆగాయి, మళ్ళీ మెల్లగా. తను తలుపు ముందే తెరిచి, తెరిచినట్టు కనబడకూడదని ఓరగా మూశాడు. పిల్ల పొడుగైంది. తలుపు నిండా వచ్చి నిలబడి రొప్పుతూ, "నీ బిల్డింగ్‌కి లిఫ్ట్ ఎప్పుడు పెట్టిస్తావు నాన్నా?" అని నవ్వింది.

నవ్వులో ఏమీ లేదు. తీగ లేదు, బిళ్ళలు లేవు, రబ్బర్లు లేవు. తెల్లగా, వరసగా, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడ్డ పళ్ళు. ఎడమవైపు చూశాడు. అక్కడ కూడా ఒక పన్నుంది, అన్నిటిలాంటి పన్ను. ఎంత బాగుందో. ఏ కొట్టు ముందు బోర్డు మీదైనా ఉండదగ్గ నవ్వు. ఎవరి కూతురైనా కావచ్చు. కౌగిలించుకున్నాడు, మొహం ఆమె భుజం వెనక దాచుకోవడానికి ఎంతసేపు కావాలో అంతసేపు.

"తీసేశారే," అన్నాడు.

"ఏంటి? ఓ, క్లిప్పులా! ఎప్పుడో తీసేశారుగా, సెలవుల్లోనే. రాత్రిళ్ళు మాత్రం ఏదో తొడుగు పెట్టుకోవాలంట. తీసిన రోజే అంకుల్ పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళారు, ఏం కావాలంటే అది తిన్నా. అమ్మ చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. మొదటి అక్షరం దాకా నాలుక మీదికి వచ్చింది. చెప్పలేదు అంటే, సాయంత్రం కారులో పిల్ల అమ్మను అడుగుతుంది, అమ్మ మొహం మాడుస్తుంది, కారాయన అద్దంలోంచి ఇద్దర్నీ చూస్తాడు, వచ్చే ఆదివారం తలనొప్పి వస్తుంది ఎవరికో. అదొక్కటే కాదు. చెప్పలేదు అంటే, నేను చెప్పదగ్గ మనుషుల లెక్కలో లేను అని తన నోటితో తనే పిల్లకు చెప్పినట్టు. మరి నువ్వెందుకు చెప్పలేదే, బుడంకాయ్? ఆ ప్రశ్న ఇంకా లోపల, ఇంకా అడుగున ఉంది. దాన్ని పంటి బిగువున పట్టుకున్నాడు.

"చెప్పింది, చెప్పింది. నేనే మర్చిపోయా. రా, కూచో, చల్లారిపోతుంది."

కూచుంది. బల్లకేసి చూసింది. సూపు కలిపింది, ముద్దను ఫోర్కుతో నొక్కింది, గుడ్డును కదిపి అది వణికితే తల పక్కకు వంచింది.

"ఏంటి నాన్నా, అన్నీ గుజ్జులా చేశావ్? నీకేమైనా బాగాలేదా?"

ఒక అబద్ధం ఆడాక రెండోదానికి దారి దానంతటదే పడుతుంది. చెప్పిందని అన్నాడు కదా, తెలిసినవాడు ఇలా ఎందుకు వండుతాడు? "పన్ను నొప్పమ్మా" అన్నాడు. "నాలుగు రోజుల్నుంచి. గట్టివేవీ తినలేకపోతున్నా."

"అయ్యో! ఏ వైపు?"

"ఎడమ."

పిల్ల లేచొచ్చి చెంప మీద చెయ్యి పెట్టింది. చల్లటి, పల్చటి చెయ్యి. దగ్గరగా వంగి చూసి, "వాచింది కూడా నాన్నా, తెలుస్తోంది" అంది, నిజంగా కనబడ్డట్టే, కళ్ళలో జాలితో. తను కదల్లేదు. ఎన్ని నెలలకో చెంప మీద పడ్డ చెయ్యి, లేని నొప్పి కోసం వచ్చింది. ఇప్పుడు నిజం చెప్తే ఆ చెయ్యి తీసేస్తుంది.

సూపు కొంచెం తాగింది. ముద్ద కొంచెం తింది, మర్యాదకు, పరాయింట్లో తిన్నట్టు. కొంచెంసేపటికి సంచిలోంచి వెండి కాగితం చుట్టిన పొట్లం తీసింది. విప్పగానే కాలిన వాసన, నిమ్మకాయ వాసన. రెండు మొక్కజొన్న పొత్తులు. "దారిలో బండి కనబడితే అంకుల్ ఆపి కొన్నారు. మీ నాన్నకి కూడా ఒకటి తీసుకెళ్ళు అన్నారు. నువ్వు తినలేవుగా ఇప్పుడు, పాపం. నేను తినేస్తున్నా, ఏమనుకోకేం?"

తినమ్మా అన్నాడు. కొరికింది. ఆ చప్పుడు గదినిండా వినిపించింది. గింజలు పటపటమని విడిపోతున్నాయి, పళ్ళు దిగుతున్నాయి, లాగుతున్నాయి, దేనికీ భయం లేదు. రెండేళ్ళుగా తను వద్దు వద్దన్నదంతా ఒకే పొత్తులో ఉంది. ఎదురుగా కూచుని పాలన్నం నోట్లో కుడివైపు పెట్టుకుని, మెల్లగా, మొహం కొంచెం ముడిచి, నొప్పి ఉన్నవాడిలా నమిలాడు. నమలడానికందులో ఏమీ లేదు. అయినా నమిలాడు.

మధ్యలో ఆమె ఫోన్ మోగింది. అమ్మ. పిల్ల చేతులకు నిమ్మరసం అంటుకుందని మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టి, "నాన్నకి పన్ను నొప్పమ్మా. పాపం అన్నీ మెత్తగా చేసుకుని తింటున్నాడు" అంది. ఆ గొంతు వచ్చింది, బల్ల మీద గిన్నెల మధ్య నుంచి, ఎన్నాళ్ళకో. "ఊరికే ఓర్చుకుంటూ కూచోకుండా చూపించుకోమను. గట్టివేమీ తినొద్దను. చల్లటివి తగలనివ్వద్దను. అంకుల్‌ని అడిగితే మన డాక్టరమ్మ దగ్గర టైమ్ తీసుకుంటారు, మంచి డాక్టరు."

మన డాక్టరమ్మ. మంచి డాక్టరు.

"విన్నావా నాన్నా?"

"విన్నా. సరే అను."

సినిమా ఉందట, తొందరగానే వెళ్ళాలట. మెట్ల దగ్గర కుడి చెంప మీద ముద్దు పెట్టింది, ఎడమవైపు తగలకుండా జాగ్రత్తగా. "రెండోది అక్కడే పెట్టా. సాయంత్రానికి తగ్గితే తిను" అని చెప్పి ఉరికింది. హారన్ కూడా అక్కర్లేకపోయింది, వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. కిటికీలోంచి చూశాడు. కారాయన దిగి వెనక తలుపు తీశాడు, పైకి చూసి చెయ్యెత్తాడు. తనూ ఎత్తాడు. కారు చప్పుడు లేకుండా మలుపు తిరిగింది. వాన ఇప్పుడు మొదలైంది.

గిన్నెలు ఎత్తాడు. సూపు మీద మీగడలా తెట్టు కట్టింది. చేప ముట్టుకోలేదు పిల్ల, అంత ఏరినా. అంతా ఒక గిన్నెలోకి ఊడ్చి, మామ్మగారికి ఇద్దామా అనుకున్నాడు, ఆవిడ అడిగే ప్రశ్నలు గుర్తొచ్చి మూత పెట్టేశాడు. బల్ల మీద వెండి కాగితంలో రెండో పొత్తు మిగిలింది. తీసి చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాడు. బుట్ట మూత తెరిచాడు. పొద్దుట్నుంచి బ్రెడ్డు అంచులు, నాలుగు చెంచాల పాలన్నం తప్ప కడుపులో ఏమీ లేదు, నిమ్మకాయ వాసన ముక్కుకు కొడుతోంది, మూత తెరిచి ఉంది, చెయ్యి పడెయ్యలేదు. అక్కడే, బుట్ట దగ్గరే నిలబడి కాగితం ఒలిచి కొరికాడు. ఎడమవైపే. చల్లబడి గట్టిపడింది, దవడ నొప్పెట్టేంతగా నమలాల్సి వచ్చింది. ఎక్కడో ఒకచోట మాడి ఉంటుందనుకున్నాడు. ఉప్పు ఎక్కువై ఉంటుందనుకున్నాడు, పుచ్చు ఉంటుందనుకున్నాడు, డబ్బున్నవాడికి పొత్తు ఎంచడం ఎక్కడ చేతనవుతుందిలే అనుకున్నాడు. తిప్పి తిప్పి, వరస వెంట వరస, కండె బోడి అయ్యేదాకా తిన్నాడు. లేత కాదు, ముదురు కాదు. నిమ్మకాయ సరిగ్గా పట్టించారు, ఉప్పు సరిగ్గా పడింది. వంక పెట్టడానికి ఒక్క గింజ కూడా దొరకలేదు.